తాటాకు తీసిన కొండ

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే జుట్టు నెరిసి ఉండాలేమో. నాకింకా ముప్పై నిండలేదు. ఫోటో స్టూడియోలో నాలుగేళ్లు పనిచేశాను, మానేసి ఏడాది దాటింది. అయినా ఇది ఇప్పుడే రాయాల్సి వచ్చింది. మా టౌన్లో డిగ్రీ పూర్తిచేసి కొత్తగా కెమెరా కొనుక్కున్న ఒకమ్మాయి పోయిన వారం ఫోన్ చేసింది.

"అక్కా, కంటి ఆసుపత్రిలో నువ్వు తీసిన మంచు కొండలు చూసినా. బ్లాక్ అండ్ వైట్‌లో ఎంత బాగుండాయో! అయితే ఐదే ఉండాయి. ఆరో మేకు ఉత్తగా ఉండాదేందక్కా?"

చెబుతానులే అని పెట్టేశాను. చెప్పలేదు. ఫోన్లో చెప్పేది కాదది. పాపను పడుకోబెట్టి, నాలుగు రాత్రులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, ఆమెలాంటి వాళ్ళకీ.

మా స్టూడియో ఓనరును అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం. పెళ్ళిళ్ళు, వోణీల ఫంక్షన్లు, చర్చిలో బాప్తిస్మాలు, రొయ్యల గుంటల పూజలు, అన్నీ మావే. ఆయన బయట తిరిగి తీసేవాడు. నేను లోపలి గదిలో కూర్చుని ఆల్బమ్‌లు చేసేదాన్ని. పెళ్ళికూతుళ్ళ మొటిమలు తీసేయడం, పెళ్ళికొడుకుల వెనక నిలబడి ముక్కు గీరుకునే బంధువులను తీసేయడం నా పని. తీసేయడంలో నాకు మంచి పేరుండేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నా పెళ్ళికి ముందు అన్న నన్నూ అప్పుడప్పుడు బయటికి తీసుకెళ్ళేవాడు. పాప పుట్టి, ఎనిమిది నెలలకు తిరిగొచ్చాక ఆ మాటే ఎత్తలేదు. నేనే అడిగాను.

"పిలకాయ తల్లివి, ఎందుకమ్మా నీకు ఆ తిరుగుడు? ఏసీలో చల్లగా కూర్చో" అన్నాడు.

ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం ఎవరో నన్నే ఫోటోలోంచి శుభ్రంగా తీసేసినట్టు అనిపించింది.

అలాంటి రోజుల్లో ఒక కంటి డాక్టరు గారు, చనిపోయిన తండ్రి ఫోటో పెద్దది చేయించుకోవడానికి వచ్చారు. నా కంప్యూటర్ తెర మీద ఒక కొండ ఉంది. ఎప్పుడో ఉదయగిరి వైపు పెళ్ళికి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున తీసి, రంగులు తీసేసి పెట్టుకున్నది. వెలిగొండల వరస, నడుముదాకా మంచు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఇలాంటివి ఆరు కావాలి. మా కొత్త ఆసుపత్రి హాల్లోకి. కళ్ళలో మందు వేసుకుని గంటలు గంటలు కూర్చుంటారు పాపం, ఎదురుగా చల్లగా ఉండాలి."

అన్న నసిగాడు. "సార్, రంగు లేకుండా గోడకు పెడితే జనం ఎవురు పోయినారని అడగతారు."

నిజమే. మా స్టూడియోలో బ్లాక్ అండ్ వైట్ అడిగి చేయించుకునేవి ఒకే రకం ఫోటోలు. కర్మల రోజుకు ఫ్రేమ్ కట్టి, బొట్టు పెట్టి, దండ వేసేవి. అందుకే మావైపు రంగు తీసేశారంటే మనిషి లేడనే లెక్క. మొదటి కొండ ప్రింటు ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ కూడా "ఏందే, కొండ గాని పోయినాదా?" అంది.

డాక్టరు గారు నవ్వి, ఈ అమ్మాయే తీయాలి అన్నారు. అన్న తల ఊపాడు. నా ఉద్యోగంలో నా చేత్తో, నా కంటితో అప్పగించిన మొదటి పని అది. అది కుదిరితే బయటి పనులు నావి. కుదరకపోతే మొటిమలు నావి.

సముద్రం పక్క బతికేవాళ్ళకు కొండలంటే రెండున్నర గంటల ప్రయాణం. పాపను ముందు రోజు సాయంత్రమే సముద్రపు ఒడ్డున మా పుట్టింట్లో వదిలి, తెల్లవారుజామున మూడింటికి మా ఆయన బండి మీద బయల్దేరేవాళ్ళం. మంచు ఒకచోట ఉండదు. ఇప్పుడున్న కొండ ఇంకో నిమిషానికి ఉండదు, ఉత్త తెల్లకాగితం. ఓపిగ్గా నిలబడాలి. నాకు అదే లేదు. పాప తాగే వేళకు పాలు చేపుకొచ్చి జాకెట్ తడిసిపోయేది. కెమెరాలోంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి చూసేదాన్ని. "అమ్మ ఫోన్ చేసిందా?" అని మా ఆయన్ను అడిగి, ఆయన చెప్పేలోగా మళ్ళీ అడిగేదాన్ని.

"కొండను చూస్తావా, ఫోన్‌ను చూస్తావా? రెండిట్లో ఏదో ఒకటి చూడు" అనేవాడు.

అలా నాలుగు ప్రయాణాల్లో ఐదు ఫోటోలు కుదిరాయి. ఆరోది నిలువుది. హాల్లోకి రాగానే ఎదురుగా కనిపించే గోడకు, ఒకే ఒక్క ఎత్తైన కొండ కావాలి. ఆదివారం ప్రారంభం. శుక్రవారం వెళ్దామనుకున్నాం. గురువారం రాత్రి పుట్టింట్లో పాపకు జ్వరం వచ్చింది.

ప్రయాణం మానేసి పాప దగ్గరే ఉన్నాను. తెల్లారేసరికి జ్వరం తగ్గింది. మందుల కోసం స్కూటీ వేసుకుని బయల్దేరాను. కెమెరా సంచి డిక్కీలోనే ఉంది. ఊరు దాటగానే మంచు. ముందు చక్రం కనిపించనంత మంచు, నాలుగుసార్లు కొండకు వెళ్ళినా దొరకనంత. రోడ్డు పక్కన ఉప్పు మడులు. వాటి గట్ల మీద పోయిన ఎండాకాలం తీసిన ఉప్పు, అమ్మకం కుదిరేదాకా కుప్పలుగా పోసి తాటాకు కప్పి పెట్టుకుంటారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే. ఆ పొద్దు మాత్రం అవి నాకు ఉప్పుకుప్పల్లా కనిపించలేదు.

ఒక కుప్ప ముందు, దాని వెనక లేతగా ఇంకోటి, దాని వెనక ఉందో లేదో తెలియనంతగా మరోటి. తాటాకు మడతలు నిలువునా దిగి వాగులు కోసిన కొండ చరియల్లా ఉన్నాయి. పక్కన మనిషి లేడు, చెట్టు లేదు, ఎత్తెంతో చెప్పే వస్తువే లేదు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా ఎత్తాను. అంతా కుదిరింది, పైన తప్ప. పైన తాటాకులు ముడేసినట్టు ఉండి గుడిసె కప్పులా ఉంది. ఏ కొండకూ అలాంటి కప్పు ఉండదు.

చెప్పానుగా, తీసేయడంలో నాకు పేరుందని.

కుప్ప పైకి పాకాను. ఆకు ఎగిరిపోకుండా పెట్టిన మట్టిగడ్డలు మూడు కింద పెట్టాను. నాలుగు ఆకులు లాగాను. లోపల ఉప్పు, మంచుకంటే తెల్లగా. కిందికి దిగి చూస్తే ఎదురుగా కొండ. తొమ్మిది ఫోటోలు తీశానో లేదో ఫోన్ మోగింది.

"యాడుండావే? బిడ్డ గుక్కపెట్టి ఏడస్తా ఉండాది" అంది అమ్మ.

పైకెక్కి ఆకులు ఎక్కడివక్కడ వేశాను. వేశాననే అనుకున్నాను. స్కూటీ ఎక్కాను. మట్టిగడ్డలు కిందే ఉండిపోయాయి.

ఆదివారం ఆరూ గోడకెక్కాయి. కింద 'వెలిగొండలు, ఉదయం' అని చిన్న రేకులు. అన్న ఆరోదాని ముందు చాలాసేపు నిలబడి "ఇదెక్కడమ్మా? పెంచలకోన వైపా?" అన్నాడు. ఆయనే జవాబు కూడా ఇచ్చేశాడు. నేను "ఆఁ" అన్నాను. ఒక్క అక్షరం. అబద్ధం చెప్పడానికి అంతకంటే ఎక్కువ అవసరం లేదని ఆ రోజు తెలిసింది. అందరికీ నచ్చింది కూడా అదే. డాక్టరు గారు తమ రెండో ఆసుపత్రికి ఇంకో పన్నెండు కావాలన్నారు. "ఆల్బమ్‌లు వేరేవాళ్ళకు ఇస్తాలే, నువ్వు కొండలు చూసుకో" అన్నాడు అన్న. నేను నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న మాట.

తర్వాతి వారం అకాలంగా గాలివాన పట్టింది. రెండు రోజులు వదల్లేదు. కిటికీలు మూసి, పాపకు స్వెట్టర్ వేసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఉప్పుకుప్ప నాకు గుర్తే రాలేదు.

ఎండలు ముదిరాక, ఒక ఫ్రేమ్ అద్దం లోపల చెమ్మ చేరిందంటే చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. హాలు నిండా జనం. ఎదురు గోడ దగ్గర నవ్వులు. ఒక కంటికి శుక్లం ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకున్న అరవై దాటిన ఒకామె, అద్దాలు నుదిటి మీదికి నెట్టి ఆరో ఫోటోను వేలితో చూపిస్తోంది.

"ఇది మా కుప్ప. మా ఉప్పుకుప్ప ఇది. ఈడెందుకు పెట్టినారు?"

"అవ్వా, అది కొండ! కింద రాసుండాది చూడు, వెలిగొండలు" అంది నర్సు.

"నాకు చదువు రాదు. కుప్ప తెలుసు. ముప్పై ఏళ్ళు పోసిన కుప్ప నాకు తెలవదా?"

"కొండంత ఉప్పు పోసినావా అవ్వా? ఇంక మాకు అంగట్లో కొనే పని లేదు" అన్నాడు పక్కనున్నాయన. హాలంతా నవ్వింది.

లోపల్నుంచి డాక్టరు గారు వచ్చి, విషయం విని, ఆమె భుజం తట్టారు. "కొత్త కన్ను కదమ్మా, కుదురుకోవడానికి టైం పడుతుంది. రెండు వారాల్లో కొండ కొండలాగే కనిపిస్తుంది."

ఆమె ఫోటో వైపు చూసింది, తన అరచేతి వైపు చూసుకుంది, మళ్ళీ ఫోటో వైపు. నల్లద్దాలు కిందికి లాక్కుంది. నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో, చేతిలో స్క్రూడ్రైవర్‌తో నిలబడి ఉన్నాను. హాల్లో ఆమె చూపు సరిగ్గా ఉందని తెలిసింది నాకొక్కదానికే. పన్నెండు ఫోటోల ఆర్డరు నోటిదాకా వచ్చి మాటను వెనక్కి నెట్టింది. ఫ్రేమ్ తుడిచి వచ్చేశాను.

ఆ రోజునుంచి నాకు ఒకచోట కూర్చోవడం చేతకాలేదు. పాప ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడుతూ కూర్చునే అలవాటు ముందే ఉంది. దానికి ఇదొకటి తోడైంది. పది రోజులకు ఆసుపత్రికి ఫోన్ చేసి, ఏదో పనున్నట్టు మాట్లాడి, చివర్లో "ఆ ఉప్పు అవ్వ ఎట్టుంది?" అన్నాను.

"ఆమెనా? రెండో కన్ను చేయించుకోనని పట్టుబట్టింది మేడం. ఒక కంటికే కుప్పలు కొండలైనాయి, రెండోదానికి ఏమైతాయో అని ఎల్లిపోయింది. చుక్కలు కూడా వేసుకుంటా ఉండాదో లేదో" అని నవ్వింది నర్సు.

నాకు నవ్వు రాలేదు. మర్నాడు ఆసుపత్రి తెరిచేసరికే వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాను. డాక్టరు గారు రాగానే నిలబడే చెప్పేశాను. ఆరోది కొండ కాదు. ఉప్పుకుప్ప. ఆమె చూపు తప్పు కాదు.

ఆయన నన్ను తిట్టలేదు. ఫోటో ముందుకు వెళ్ళి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశారు. "అంతమందిలో నా పేషెంట్ కన్ను తప్పని చెప్పానమ్మా నేను. చూడగలిగింది ఆమె ఒక్కతే" అన్నారు. కుర్చీ తెప్పించి ఫ్రేమ్ ఆయనే దించారు. "ఇది ఆమెకు ఇచ్చిరా. చెప్పాల్సింది నువ్వే చెప్పు. నా మాటగా, రెండో కంటికి రమ్మను." పన్నెండు ఫోటోల గురించి నేను అడగలేదు, ఆయన ఎత్తలేదు.

అన్న మాత్రం ఎత్తాడు. స్టూడియోలో అందరి ముందూ ఎత్తాడు. "రంగు తీసేస్తే ఎవురూ కనుక్కోరనుకున్నావా? నా బోర్డు పేరు చెడగొట్టినావు గదా!" మర్నాటినుంచి నన్ను మళ్ళీ లోపలి గదిలో కూర్చోబెట్టాడు. నెలాఖరుకు మానేశాను. అది తర్వాత సంగతి.

ఆ మధ్యాహ్నమే ఫ్రేమ్ స్కూటీకి ముందు నిలబెట్టుకుని ఉప్పు మడులకు వెళ్ళాను. ఎండ కళ్ళు పొడుస్తోంది. ఆమె నల్లద్దాలు పెట్టుకుని, పొడుగు కర్ర చివర పలకతో మడిలో ఉప్పు లాగుతోంది. పక్క మడిలో ఇంకొకాయన, యాభై ఉంటాయేమో, అటు తిరిగి అదే పని. ఇద్దరి మధ్యా ఒక గట్టే, మాటల్లేవు. కొత్త కుప్ప అప్పుడే నిలువెత్తు లేచి ఉంది.

గుడ్డ తీసి ఫోటో చూపించాను. నేనే తీశానని, ఇది మీ కుప్పేనని, మీ కన్ను సరిగ్గా ఉందని, డాక్టరు గారు రెండో కంటికి రమ్మన్నారని, ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"నేను చెప్పలా!" అంది. ముఖమంతా వెలిగిపోయింది. "చెప్పలా నేను! కొండంట కొండ! ఆ నర్సమ్మి ఎట్ట నవ్వినాదో!" ఫ్రేమ్ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతలో ముఖం మారింది.

"పైన ఆకు ఏమైనాదమ్మే?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఇన్నాళ్ళూ నేను చేసింది ఒక్క అబద్ధమే అనుకున్నాను.

"నేనే తీశానవ్వా. ఫోటో కోసం. మళ్ళీ వేశాను..."

"గడ్డలు?"

గడ్డలు. చేతికి ఆ మట్టి తగిలినట్టు, కింద పెట్టిన మూడూ కళ్ళ ముందుకొచ్చాయి. ఆమెకు అర్థమైంది. ఫ్రేమ్‌ను గట్టుకు ఆనించి, పక్క మడి వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"ఒరే! ఇట్రా!"

ఆయన పలక వదిలేసి, పిలిచింది తననేనా అన్నట్టు వెనక్కి చూసుకున్నాడు. ఆమె మరిదట. తర్వాత తెలిసింది. ఆ కుప్ప ఇద్దరిదీ. కప్పే వంతు ఆయనది. గాలివానకు పైఆకులు లేచిపోయి, నీళ్ళు లోపలికి దిగి, ఒక ఎండాకాలమంతా లాగిన ఉప్పు రెండు రోజుల్లో కరిగి మళ్ళీ మడిలోకే పోయింది. గడ్డలు పెట్టానని ఆయన ఎంత మొత్తుకున్నా ఆమె నమ్మలేదు. ఆ రోజునుంచి ఆమె ఆయన్ను పిలవలేదు. మడులు కూడా పంచుకున్నారు.

ఆయన వచ్చి తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఫోటో చూశాడు.

"గడ్డలు పెట్టినాను గదా వదినా" అన్నాడు మెల్లిగా.

"పెట్టినావు లేరా. తీసింది ఈ తల్లి."

ఆయన నావైపు చూశాడు. నేను తల దించుకుని, నష్టం ఎంతైనా కట్టుకుంటానని ఏదో గొణిగాను.

"ఏం కడతావు? నాలుగు నెల్లు నేనూ వీడూ పక్కపక్కన మూగోళ్ళమై పనిచేసినాం. అది కడతావా?" అంది.

మరిది గట్టు మీద కూర్చుని, ఫోటోను ఎండ పడకుండా తిప్పి, మళ్ళీ మళ్ళీ చూశాడు. "అయినా బాగుండాది వదినా. మన కుప్పే ఇంత గొప్పగా ఉండాదని నాకే తెలవదు. ఏంది, రంగు లేకుండా తీసినారు?"

"పోయిన కుప్పే గదరా. పోయినోళ్ళ ఫోటో అట్టే ఉంటాది" అంది ఆమె. ముందు ఆమె నవ్వింది, తర్వాత ఆయన. నవ్వాలో లేదో తెలియక నేను ఏడ్చాను.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు. చెప్పులిప్పు" అంది.

గట్టు కింద మోపుగా కట్టి ఉన్న తాటాకులు నాచేత మోయించింది. కొత్త కుప్ప చుట్టూ ఒక్కో ఆకు ఎట్లా వేయాలో, పైఆకు కిందిదాన్ని ఎంత మేర కప్పాలో కర్రతో చూపించింది. తప్పు వేస్తే కర్రతో ఆకునే కాదు, నా చేతినీ తట్టింది. ఆయన కింద నిలబడి మట్టిగడ్డలు అందించాడు. పైన నేనే పెట్టాను. ఒక్కోటి పెట్టినప్పుడల్లా ఊపి చూడమంది. కదిలితే మళ్ళీ పెట్టమంది. మడమలు ఉప్పుకు మండాయి. పాపకు పాలిచ్చే వేళ దాటిపోతోందని ఆ రోజు ఒక్కసారే గుర్తొచ్చింది. దిగి వెళ్ళిపోలేదు.

ఇప్పటికీ గాలి వీస్తే లేస్తాను. పాప మీద దుప్పటి ఉందా, కిటికీ గడియ పడిందా అని చూసుకుంటాను. అన్నీ చూశాక కూడా కాసేపు నిలబడే ఉంటాను, పైన ఇంకేదో పెట్టడం మరిచిపోయినట్టు. ఆ అలవాటు పోదు. కొత్తగా కెమెరా కొనుక్కున్న ఆ అమ్మాయికి చెప్పడానికి నా దగ్గర వేరే కిటుకు లేదు.

కుప్ప దిగేసరికి పొద్దు వాలింది. వదినా మరిదీ పక్కపక్కన నిలబడి కప్పిన కుప్పను నాలుగువైపులా చూశారు. ఏ వైపునుంచి చూసినా అది కొండలా లేదు. తాటాకు కప్పిన ఉప్పులాగే ఉంది.

"సంచిలో కెమెరా ఉండాదా?" అంది ఆమె.

ఉందన్నాను.

"అయితే దీన్ని తియ్యి." తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మరిదిని ఇటు లాగి, తను అటు నిలబడింది. నేను కెమెరా ఎత్తాక మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టింది.

"రంగుల్లో తియ్యమ్మే. ఇది ఇంకా బతికే ఉండాది గదా."